జవాబు అడగని పరీక్షలు

మా నాన్న దినాలు అయిన మర్నాడే నేను మందమర్రిలో బయల్దేరి, మంచిర్యాలలో బస్సు మారి, మధ్యాహ్నానికి కరీంనగర్ చేరాను. సెలవు ఇంకో వారం ఉంది. కానీ ఇంట్లో కూర్చుని చేసేదేమీ కనిపించలేదు. వచ్చినవాళ్లంతా ఏడుస్తున్నారు, నాకు ఏడుపు రావడం లేదు. అవ్వ, అంటే మా అమ్మ, ఒకసారి నా ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఏడ్వు బిడ్డా, గట్ల ఉండకు" అంది. ప్రయత్నించాను కూడా. రాలేదు.

నాన్నను మేం బాపు అనేవాళ్లం. బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. మొదటి షిఫ్టు నుంచి వచ్చి, చాయ్ తాగి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే పోయాడు. ఆ కబురు ఫోన్లో వచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో ఒక ముసలాయన చెవి చూస్తున్నాను. "సరే, వస్తున్న" అని ఫోన్ పెట్టేశాను. ఆయన రెండో చెవి కూడా చూశాను. కాగితం మీద వివరాలు రాసి, ఆయన్ని బయట బెంచీ దాకా పంపించి, అప్పుడు నా సంచి తీసుకున్నాను. అంత నిదానంగా ఎలా ఉన్నానో నాకిప్పటికీ తెలియదు. ఆ నిదానమే తర్వాత నెలల తరబడి నన్ను వదల్లేదు. అన్నం తినేదాన్ని, రుచి తెలిసేది కాదు. నిద్ర పట్టేది, లేచాక పడుకున్నట్టు ఉండేది కాదు.

వినికిడి పరీక్షల కోర్సులో నాది చివరి ఏడాది. క్లాసులు హైదరాబాద్‌లో అయిపోయాయి, శిక్షణకు కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రికి వచ్చాను. అక్కడ మాకు నేర్పే మేడం యాభై దాటిన మనిషి. ఆమె గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నేను తిరిగి వచ్చిన రోజు నన్ను చూసి, "వచ్చినవా" అన్నారు, అంతే. మర్నాటి నుంచి నన్ను మిషన్ల గదికి మార్చారు.

చెవి పరీక్షలు రెండు రకాలు. ఒక రకం మనిషిని అడిగి చేసేవి. హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినిపిస్తే బటన్ నొక్కమంటాం. రెండో రకంలో మనిషిని ఏమీ అడగం. పడుకున్నా, నిద్రపోయినా, భాష తెలియకపోయినా ఫర్వాలేదు. చెవీ నరమూ కళ్లూ వాటంతట అవే చేసే పనిని మిషన్ పట్టుకుంటుంది. ఆ గదిలో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడాల్సిన పని లేదు. నాకది సరిపోయింది.

మొదట నేర్చుకున్నది లోపలి చెవి పరీక్ష. చెవి రంధ్రంలో రబ్బరు మొన ఉన్న చిన్న గొట్టం పెట్టి టిక్కు టిక్కుమని శబ్దం పంపుతాం. లోపలి చెవిలోని సన్నని కణాలు బాగుంటే ఆ శబ్దానికి కదిలి, బదులుగా అతి చిన్న శబ్దం చేస్తాయి. మిషన్ దాన్ని విని తెర మీద 'పాస్' అని చూపిస్తుంది. నిమిషం కూడా పట్టదు. పది రోజుల్లో నాకు చెయ్యి తిరిగింది. పిల్లల్ని తల్లుల ఒళ్లోనే ఉంచి, వాళ్లు కదిలేలోపు ముగించేదాన్ని. మేడం చూసి, "మంచిగ చేస్తున్నవ్" అన్నారు. సంతోషం కలగాల్సిన చోట ఏమీ కలగలేదు.

వానలు మొదలయ్యాక ఉట్నూర్ వైపు ఒక ఊళ్లో చెవి పరీక్షల క్యాంపు పెట్టారు. మేడం కరీంనగర్‌లోనే ఉండిపోయారు. డాక్టర్లతో పాటు నేను జీపులో వెళ్లాను. బడి గదిలో బల్ల వేసి మిషన్ పెట్టుకున్నాను. బయట వరండాలో, మెట్ల మీద, చినుకుల్లో కూడా జనం నిలబడ్డారు.

పన్నెండు గంటలప్పుడు ఒకామె తన కోడల్ని తీసుకుని లోపలికి వచ్చింది. కోడలికి ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. అత్త కూర్చోకముందే మొదలుపెట్టింది.

"గీ పిల్ల ఇంటదా ఇనదా జర చెప్పు మేడం. పిలిస్తే పలుకది. ఒకటి చెప్తే ఇంకోటి చేస్తది. నా కొడుకు మస్కట్ల ఉంటడు. ఆడు ఫోన్ చేస్తే ఊకె ఆఁ, ఆఁ అంటది గని జవాబు చెప్పది. ఆడు పరేషాన్ అయితుండు. తలుపు చప్పుడు ఇంటది, కుక్కర్ సీటీ ఇంటది. మా మాటలే ఇనవడయట!"

నేను కోడలి వైపు చూశాను. ఆమె నా ముఖాన్నే చూస్తోంది.

"ఇనవడ్తలేదా?" అని అడిగాను.

ఆమె కొంచెం ముందుకు వంగి, ఒక క్షణం ఆగి, "ఇనవడ్తది మేడం. ఏమంటున్రో సమజైతలేదు. మాటలన్ని ఒకదాంట్ల ఒకటి కలిసిపోతయి" అంది.

"పెండ్లికి ముందు గూడ గిట్లనేనా?"

"పదో తరగతి దాక మంచిగనే ఉండె. ఎనుక ఎనుక గిట్లయింది."

నేను ఇంకేమీ అడగలేదు. గొట్టం పెట్టాను. కుడి చెవి పాస్. ఎడమ చెవి పాస్. చెవిపర్దా వెనక గాలి సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్ష చేశాను, అదీ బాగానే వచ్చింది. దాని తర్వాత చేయాల్సింది ఇంకొకటి ఉంది. పెద్ద శబ్దం పంపితే చెవి లోపల ఒక చిన్న కండరం దానంతట అదే బిగుసుకోవాలి. దాన్ని రిఫ్లెక్స్ అంటాం. అదే మిషన్లో ఇంకో బటన్, ఇంకో రెండు నిమిషాలు. బయట వరుస కదలడం లేదని ఎవరో అరుస్తున్నారు. నేను ఆ బటన్ నొక్కలేదు. కాగితం మీద, "రెండు చెవులూ బాగున్నాయి. వినికిడి లోపం లేదు" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి అత్త చేతికిచ్చాను.

"చదివి చెప్పు," అంది అత్త.

చదివాను.

"సూసినవా!" అత్త కోడలి వైపు తిరిగింది. "నేను చెప్పలేదా నాటకమని?"

కోడలికి ఆ మాట అర్థమైందో లేదో తెలియదు, అత్త ముఖం మాత్రం అర్థమైంది. నా దగ్గరికి వచ్చి, "మేడం, జర మల్లొకసారి చూడరా?" అంది.

"మిషన్ల మంచిగనే వచ్చిందమ్మా. మిషన్ అబద్ధం చెప్పదు," అన్నాను.

ఆమె ఒక నిమిషం అలాగే నిలబడింది. వెనకున్నావిడ పిల్లాడిని ఎత్తుకుని ముందుకు రావడంతో పక్కకు జరిగింది. ఆ తర్వాత నేను బడి వంటగది ముందు కూర్చుని జొన్నరొట్టె, పప్పు తిన్నాను. ఆ అమ్మాయి నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

చలికాలం మొదట్లో మేడం మాకు తల తిరుగుడు పరీక్ష నేర్పించారు. తూలిపోతున్నాననీ, ఇల్లు గిర్రున తిరుగుతోందనీ వచ్చేవాళ్లకు చేసే పరీక్ష అది. మనిషిని పడుకోబెట్టి, కళ్లకు కెమెరా ఉన్న నల్లటి అద్దాలు కట్టి, చెవిలోకి చల్లని నీళ్లు, కాసేపాగి వెచ్చని నీళ్లు పంపుతాం. తూకం చూసుకునే భాగం లోపలి చెవిలోనే ఉంటుంది. నీళ్ల చల్లదనానికి అది బెదిరి, పడుకున్న మనిషి తిరుగుతున్నాడని మెదడుకు చెబుతుంది. కళ్లు ఒక పక్కకు మెల్లగా జారి, చటుక్కున వెనక్కి వస్తాయి. మనం ఆపాలనుకున్నా ఆగవు. ఎవరి మీదైనా చేసే ముందు మా మీద మేం చేయించుకోవాలని మేడం నియమం. మిగతావాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుంటుంటే నేను వెళ్లి బల్ల మీద పడుకున్నాను.

నాకు పరీక్ష చేసింది నాతోపాటు శిక్షణలో ఉన్న ఆదిలాబాద్ అమ్మాయి. మాటలో మరాఠీ యాస. అంతకుముందు వేరే విభాగంలో ఉండి ఆ వారమే మా గదికి వచ్చింది. ఈ పరీక్షలో ఇంకో నియమం ఉంది. నీళ్లు పోశాక పడుకున్న మనిషిని ఏదో ఒకటి అడుగుతూనే ఉండాలి. మనసు ఊరికే ఉంటే కళ్ల కదలిక తగ్గిపోయి ఫలితం తప్పుగా వస్తుంది.

చీకట్లో చల్లటి నీళ్లు చెవిలో పడ్డాయి. కొద్ది సెకన్లకు బల్ల ఒక పక్కకు ఒరిగి, గుండ్రంగా తిరగడం మొదలైంది. రెండు చేతులతో అంచులు పట్టుకున్నాను.

"మందమర్రి నుంచి కరీంనగర్ దాక ఊర్లు చెప్పు," అంది ఆదిలాబాద్ అమ్మాయి.

చెప్పాను.

"కూరగాయల పేర్లు చెప్పు."

చెప్పాను.

"మీ ఇంట్ల ఎవరెవరుంటరు? మీ బాపు ఏం జేస్తడు?"

"బాయిల పన్జేస్తడు," అన్నాను. "మొదటి షిఫ్టు. రెండున్నరకు ఇంటికి వస్తడు. వచ్చి చాయ్ తాగుతడు."

బాపు పోయిన సంగతి మేడంకు తెలుసు. కాసేపటికి ఆమె గొంతు నా తల దగ్గర వినిపించింది. "ఇంటి సంగతులద్దు. లెక్క అడుగు. నూరు నుంచి ఏడు ఏడు తీసుకుంట రమ్మను."

తొంభై మూడు, ఎనభై ఆరు అంటూ లెక్కపెట్టాను. అద్దాలు తీశాక ట్రేలో వాంతి చేసుకున్నాను. ఆదిలాబాద్ అమ్మాయి భయపడి నా వీపు రాస్తూ, "నీకు మస్తు ఎక్కువ తిరిగినట్టుందే" అంది. మేడం తెర మీద గీతలు చూపించారు. రెండు చెవులూ సమానంగా, పుస్తకంలో బొమ్మలా వచ్చాయి. నా ఒళ్లు దాని పని అది సరిగ్గానే చేసుకుపోతోంది. అందరూ వెళ్లాక మేడం, "నాలుగు దినాలు ఇంటికి పోయొస్తవా?" అని అడిగారు. "వద్దు మేడం" అన్నాను.

ఆ తర్వాత రెండు వారాలకు ఉట్నూర్ వైపు నుంచి తల్లీ కూతుళ్లు వచ్చారు. తల్లి బల్ల మీద ప్లాస్టిక్ కవరు పెట్టి, లోపలి నుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. మడత విప్పకముందే నా అక్షరాలు గుర్తుపట్టాను. అప్పుడు క్యాంపులో చూసిన ఆ అమ్మాయిని గుర్తుపట్టాను.

"పత్తి ఏరుడు ఇడిచిపెట్టి వచ్చినం మేడం," అంది తల్లి మా మేడంతో. "క్యాంపుల చూసిన్రట. చెవులు మంచిగున్నయని రాసిచ్చిన్రు. గీ కాగితం ఫోటో తీసి వాళ్ల అత్త మస్కట్‌కు పంపింది. మా అల్లుడు ఏమన్నడో ఎర్కనా? నాతోని మాట్లాడబుద్ధిగాక నాటకం చేస్తుంది, దాని మనసుల ఇంకెవడో ఉన్నడు, పుట్టింటికి తోలెయ్యుండ్రి అన్నడు. నాలుగు నెల్లాయె, నా దగ్గర్నే ఉంటుంది. నేను తల్లిని గదా మేడం, నాకెర్క. అది నాటకాలు చేసే పిల్ల గాదు. చెవులు మంచిగుంటే మరి నా బిడ్డకేమైంది?"

మేడం కాగితం చదివారు. కింద సంతకం చూశారు. నా వైపు చూశారు.

"రిఫ్లెక్స్ ఏది?"

"చెయ్యలేదు మేడం."

"ఇప్పుడు చెయ్యి."

చేశాను. మిషన్ పంపగలిగినంత పెద్ద శబ్దం పంపినా రెండు చెవుల్లోనూ ఆ కండరం కదల్లేదు. లోపలి చెవి పరీక్ష మళ్లీ చేశాను. అప్పటిలాగే పాస్. అప్పుడు మేడం బెరా చేయమన్నారు. నుదుటి మీద, చెవుల వెనక చర్మం రుద్ది తీగలు అంటించి, చెవుల్లోకి టిక్కు టిక్కుమని వేల శబ్దాలు పంపే పరీక్ష అది. ప్రతి శబ్దమూ నరం గుండా మెదడు మొదలు దాకా పోతుంటే తెర మీద వరుసగా ఐదు అలలు లేస్తాయి. ఆ అమ్మాయి కళ్లు మూసుకుని పడుకుంది. తెర మీద మొదట్లో లోపలి చెవి చేసే చిన్న గీత ఒకటి కనిపించింది. ఆ తర్వాత ఏమీ లేదు. తీగలు ఊడాయేమోనని చూశాను, ఊడలేదు. మళ్లీ చేశాను. శబ్దం పెంచి చేశాను. అలలు రావాల్సిన చోట చదునుగా గీత.

మేడం ఆ తల్లిని కూర్చోబెట్టి చెప్పారు. "అమ్మా, నీ బిడ్డ చెవి మంచిగనే పన్జేస్తుంది. చెవి నుంచి మెదడుకు పోయే నరం ఉంటది సూడు, అండ్ల శబ్దం సక్కగ పోతలేదు. చప్పుడైందని తెలుస్తది, అది ఏం మాటనో తెల్వది. మొకం ఎదురుంగ ఉంటే పెదాలు చూసి కొంత పట్టుకుంటది. ఫోన్ల మొకం ఉండది గదా, ఏం పట్టుకుంటది? ఇది నాటకం గాదు. జబ్బు. మిషన్ల గూడ పడ్డది."

తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బాధో ఊరటో నాకు తెలియలేదు.

మేడం నన్ను పక్క గదిలోకి పిలిచారు. తిడతారనుకున్నాను. "మిషన్‌ను ఏది అడిగితే దానికే అది జవాబు చెప్తది," అన్నారు. "నువ్వు లోపలి చెవి ఎట్లున్నదని అడిగినవ్. వినికిడి మంచిగున్నదని రాసినవ్. అయినా ఆ పిల్ల నీకు నోటితోనే చెప్పింది గదా, సమజైతలేదని?"

"చెప్పింది మేడం."

"పో. పోయి నువ్వే చెప్పు ఆమెకు."

ఆ అమ్మాయి నుదుటి మీది జిగురు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. ఎదురుగా కుర్చీ వేసుకున్నాను.

"ఆ కాగితం రాసింది నేనే. తప్పు నాదే," అన్నాను.

ఆమె ముందుకు వంగింది. "ఏంది మేడం?"

మళ్లీ చెప్పాను. తల అడ్డంగా ఊపింది.

"మీ మాట దొర్కుతలేదు. పెద్ద మేడం మాట దొర్కుతుంది, మా అవ్వది దొర్కుతది. మీ పెదాలు కదుల్తలేవు. మొకం గూడ కదుల్తలేదు. కోపం చేస్తున్రా, మంచిగ చెప్తున్రా, ఏం తెల్వది. క్యాంపుల గూడ గిట్లనే ఉంటిరి." కాసేపు నన్ను అలాగే చూసి, "ఏమైంది మేడం మీకు?" అంది.

ఆ ప్రశ్న ఎంతమంది అడిగారో, అందరికీ ఏం లేదనే చెప్పాను. ఆమెకు కూడా అదే చెప్పబోయాను. ఏం లేదన్న మాట కూడా ఆమెకు అందదు.

"మా బాపు సచ్చిపోయిండు," అన్నాను.

"పాపనా? మీ పాపకేమైంది?"

ప, బ, మ. మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి. పాఠంలో చదివాను.

"పాప గాదు. బాపు. మా బాపు."

"మాపా? మాపటికి ఏమైంది?"

నోరు బాగా తెరిచాను. ఒక్కో అక్షరం విడదీశాను. గుండెల మీద చెయ్యి పెట్టుకుని, "మా... నాయిన. బాపు. సచ్చిపోయిండు," అన్నాను. ఆ మాటకు నోరు ఎంత తెరవాలో, పెదాలు ఎక్కడ సాగాలో అప్పుడే తెలిసింది. దవడలు నొప్పి పుట్టాయి.

"అయ్యో," అందామె. నా చెయ్యి పట్టుకుంది. "ఎప్పుడు?"

చెప్పాను. ఎలా పోయాడని అడిగింది. షిఫ్టు, చాయ్, కుర్చీ, అన్నీ చెప్పాను. అర్థం కానిచోట ఆపింది, నేను మళ్లీ చెప్పాను. ఎవరికీ అంత వివరంగా చెప్పలేదు, అవ్వకు కూడా. ఏడుపు మాత్రం రాలేదు.

ఆ తర్వాత అదే తీరుగా నోరు తెరిచి, కాగితం రాసింది నేనేనని చెప్పాను. ఈసారి మొదటి మాటకే అందింది. ఆమె నా చెయ్యి వదిలేసింది. ఒళ్లో ఉన్న కాగితాన్ని మడత మీద మడత పెట్టింది.

"నాలుగు నెల్లాయె మా ఆయన నాతోని మాట్లాడక," అంది. "గిది గూడ రాసియ్యుండ్రి. తెలుగుల రాయుండ్రి. ఆయనకు ఇంగ్లీషు రాదు."

పక్క బల్ల మీద కూర్చుని రాశాను. క్యాంపులో ఇచ్చిన కాగితం తప్పని, పరీక్ష పూర్తిగా చేయకుండా రాసిందని, ఈమెకు శబ్దం వినిపించినా మాట అర్థం కాదని, ఇది నటన కాదని రాశాను. మేడం కింద సంతకం పెట్టి, "నీది గూడ పెట్టు" అన్నారు. పెట్టాను.

మస్కట్‌లో శుక్రవారం సెలవు కాబట్టి ఆ శుక్రవారమే వాళ్లను మళ్లీ రమ్మన్నారు మేడం. వీడియో కాల్ కలిసింది. అతని వెనక ఒకదాని మీద ఒకటి వేసిన మంచాలు, వాటికి ఆరేసిన బట్టలు. మేడం అన్నీ చెప్పాక ఫోన్ నా చేతికిచ్చారు.

"అన్నా, ముందు రాసింది నేనే. సగమే చూసి రాసిన. ఆమె తప్పేం లేదు," అన్నాను.

అతను అరచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "మరి ఇన్ని దినాలు నేను ఫోన్ల ఊకె మొత్తుకుంట ఉంటి గద మేడం," అన్నాడు. "ఆమెకు ఇయ్యుండ్రి."

అతను ఏదో అన్నాడు, బొమ్మ మధ్యలో ఆగిపోయింది. ఆమె తెరను ముఖానికి దగ్గరగా పెట్టుకుని, అర్థం కాక తల్లి వైపు చూసింది. కాల్ తెగిపోయింది. ఒక నిమిషానికి ఫోన్లో అక్షరాలు వచ్చాయి. ఆమె చదువుకుంది. మళ్లీ చదువుకుంది. మేం చూడకుండా ఫోన్ తిప్పి పట్టుకుని, బొటనవేలితో మెల్లగా జవాబు రాయడం మొదలుపెట్టింది.

వినికిడి యంత్రం పెట్టి చూశాం, దానితో శబ్దం పెరిగింది గానీ మాట తేటపడలేదు. అందుకని ఆమె పదిహేను రోజులకొకసారి వచ్చి పెదాల కదలిక పట్టుకోవడం నేర్చుకునేది. నేర్పే పని మేడం నాకే అప్పగించారు. ఎదురుగా కూర్చుని ఊరి సంగతుల మీద వాక్యాలు చెప్పేదాన్ని, ఆమె తిరిగి చెప్పేది. నేను పొడిగా చెబితే, "నోరు తెర్వుండ్రి మేడం, మొకం పెట్టుండ్రి" అని కోప్పడేది. ఆమె కోసం కోపం వచ్చినట్టు, నవ్వొచ్చినట్టు ముఖం పెట్టి చెప్పడం నేర్చుకున్నాను. క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు.

ఎండాకాలంలో భర్త సెలవు మీద వచ్చి ఆమెను అత్తవారింటికి తీసుకుపోయాడు. ఆ తర్వాత ఒకసారి ఆమె నేర్చుకోవడానికి వచ్చినప్పుడు అత్త కూడా వెంట వచ్చింది. తెర మీది గీత చూపించినా, "మరి తలుపు చప్పుడు ఎట్ల ఇంటది?" అని ఇంకా అనుమానంగానే అడిగింది. చప్పుడు వేరు, మాట వేరని మొదటి నుంచి మళ్లీ చెప్పాను. నమ్మిందో లేదో గానీ, లేచి వెళ్లేటప్పుడు కోడలి భుజం తట్టి, ఆమె తన వైపు తిరిగాక, "పోదామా?" అంది.